ఐసుపెట్టె ప్రొఫెసరుగారే మొయ్యాలి

వదినగారికి నమస్కారాలు.

నా దస్తూరికీ, తప్పులకీ ముందే క్షమాపణ అడుగుతున్నాను. నేను బడికి వెళ్లింది కొన్నేళ్లే. ఒత్తులు పడవలసిన చోట పడవు, అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటాయి. పైగా వెల్లకిలా పడుకుని, అట్ట పైకెత్తి పట్టుకుని రాస్తున్నాను. లేచి కూర్చోకూడదని డాక్టరమ్మ ఆర్డరు. వరసలు కిందికి జారిపోతుంటే మంచాన్ని తిట్టుకోండి గాని నన్ను తిట్టుకోకండి.

పక్క మంచం ఆవిడ వకీలు ఆఫీసులో టైపిస్టు. "వీలునామాలో మొట్టమొదట మతి బాగుందని రాయాలమ్మాయ్. చెంబులూ తపేలాలూ ఆ తర్వాతే" అని చెప్పారు. అందుకని రాస్తున్నాను. మీ తమ్ముడి భార్యనైన నేను, తెలివితో, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ కింది ఏర్పాట్లు చేస్తున్నాను. మీ ఇంటికి వచ్చాక ఎవరి బలవంతమూ లేకుండా నేను చేస్తున్న మొదటి పని ఇదే కాబట్టి ఆ మాటకి మరింత విలువ ఇవ్వాలి. నాకు మతి లేదని మీ అమ్మగారు చాలాసార్లు అన్న మాట నిజమే. అవన్నీ పాలు పొంగిపోయిన సందర్భాలు. సాక్ష్యంగా పనికిరావు.

సంగతి మీకు తెలుసు. అయినా కాగితం మీద ఉండాలట. కడుపులో బిడ్డకి తిండి అందించే మాయ పైన ఉండవలసింది, కిందికి వచ్చి దారికి అడ్డంగా పడుకుంది. ఎల్లుండి ఉదయం కోసి బిడ్డని తీస్తారు. రక్తం ఆగితే ఇద్దరం మిగులుతాం, ఆగకపోతే ఒక్కరు. ఆ ఒక్కరు బిడ్డే అవ్వాలని డాక్టరమ్మతో చెప్పాను. అప్పుడు ఆ బిడ్డ ఎవరి చేతుల్లో పడుతుందన్నదే ఈ కాగితంలో అసలు సంగతి. మిగతావన్నీ చెంబులూ తపేలాలే.

ఇదంతా అమలు జరిపే బాధ్యత మీకు అప్పగిస్తున్నాను. మీరు రైల్లో టికెట్లు తనిఖీ చేసీ చేసీ ఎవరి కథా నమ్మని స్థితికి వచ్చారు. మీ అమ్మగారు ఈ లోకంలో ఎవరికైనా జంకుతారంటే అది మీ ఒక్కరికే. నేనూ జంకుతాను గాని, అది వేరు.

1. వంటింటి బీరువా తాళంచెవి, బీరువాలోని సామానంతా మీ అమ్మగారికి సర్వహక్కులతో చెందాలి. నిజానికి ఆ తాళంచెవి ఎప్పుడూ ఆవిడ నడుముకే ఉంది. ఉన్నవాళ్లకే ఉన్నది ఇవ్వడం చెల్లుతుందా అని టైపిస్టుగారిని అడిగాను. "చాలా వీలునామాలు అంతేనమ్మా" అన్నారు.

దాంతోపాటు ఆవిడకి ఒక బీట్‌రూట్ కూడా ఇస్తున్నాను. కారణం రాస్తాను. నాకు నెల తప్పిన కొత్తలో ఒకరోజు భోజనాల దగ్గర మీ తమ్ముడు, ప్రయోగశాల మనిషి కదా, ఎలుకల సంగతి చెప్పారు. ఒకే జాతి ఎలుకలు. చూలుతో ఉన్న తల్లికి ఆకుకూరల్లో, బీట్‌రూట్‌లో ఉండే సత్తువ బాగా పెడితే పిల్లలు ఎక్కువగా గోధుమ రంగులో సన్నగా పుడతాయట. పెట్టకపోతే పసుపు రంగులో, బొద్దుగా అవుతాయట. అంతవరకు చెప్పేసరికి ఫోను మోగింది, ఆయన లేచి వెళ్లిపోయారు. మీ అమ్మగారికి సైన్సు అక్కడితో పూర్తయింది. "బంగారు రంగు, పైగా బొద్దు! మనకి కావలసింది అదేగా" అని మర్నాటినుంచి నా కంచంలో ఆకు పడనివ్వలేదు. బీట్‌రూట్ ఇంటి గుమ్మం దాటలేదు. మీరు సెలవు మీద వచ్చి, "అమ్మా, ఆ పసుపు ఎలుకలు రోగిష్టివే! పిల్లకి తిండి పెట్టవే తల్లీ" అని అరిచేదాకా నేను ఎలుకలకన్నా కనాకష్టంగా తిన్నాను. మీ తమ్ముడు ఇంట్లో అన్న ప్రతి మాటా చివరికి నా కంచంలోనే తేలింది. ఫోను ఒక్క నిమిషం ఆలస్యంగా మోగి ఉంటే నా ఒంట్లో ఇంకొంచెం రక్తం ఉండేది.

2. హాల్లో గోడకి ఉన్న ఖాళీ ఫ్రేము మీ తమ్ముడికి చెందాలి.

దాని కథ మీకు పూర్తిగా తెలియదు. ఆయన ఏ సభలో మాట్లాడవలసి వచ్చినా ముందురోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నాకే మొత్తం చెప్పేవారు. "నీకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది" అనేవారు. అది మెచ్చుకోలు కాదని నేను కనిపెట్టేలోగా నాకు చాలా అర్థమైపోయింది. పిండం మొదలయ్యేటప్పుడు అమ్మ వైపు నుంచి ఒక రాత, నాన్న వైపు నుంచి ఒక రాత వస్తాయి. ఆ రాత మీద గుర్తులుంటాయి, ఇది చదువు, ఇది మూసి ఉంచు అని. పిండం మొదటి రోజుల్లోనే ఆ పాత గుర్తుల్ని చాలావరకు తుడిచేసుకుని, మళ్లీ కొత్తవి పెట్టుకుంటుంది. నాన్న వైపువి గబగబా చెరిగిపోతాయి, అమ్మ వైపువి నిదానంగా. తుడుపుకి లొంగని మొండి గుర్తులు కొన్ని ఉంటాయి. అవి ఎందుకు లొంగవో తెలుసుకోవడమే మీ తమ్ముడి జీవితం. ఈ మాట విని మీ అమ్మగారు, "మన వంశం గుర్తులు ముందు చెరగడమేమిట్రా? ఇంకోసారి సరిగ్గా చూడు" అన్నారు. ఆయన ఇంకోసారి చూశారు. అలాగే చెరిగాయి.

ఆ మొండి గుర్తుల్లో ఒకదాని రహస్యం ఆయనకి దొరికింది. దాని గురించి రాసిన వ్యాసం అచ్చయ్యాక మొదటి పేజీ పెట్టడానికి ముందే ఫ్రేము కొన్నారు. ఆయన ప్రయోగశాలని నడిపే పెద్ద ప్రొఫెసరుగారు ఆ రాసిందాన్ని చదివి కామాలు మార్చడానికి వేసవి అంతా తీసుకున్నారు. చివరికి మొదట్లో ఉన్న కామాలే మళ్లీ వచ్చాయి. ఈలోగా ఇంకో ఊరి పరిశోధకుడు అదే సంగతి అచ్చేశాడు. మా ఇంట్లో అతని పేరు ఎత్తం, "ముందువాడు" అంటాం. ముందువాడికి నేనేమీ రాయడం లేదు. అతను తీసుకోవలసింది తీసుకున్నాడు.

ఆ ఫ్రేములో బిడ్డ స్కాను బొమ్మ పెట్టమని అడగను. ఆ బొమ్మ చూసి మీ తమ్ముడు చాలాసేపు ఆలోచించి, "నాలుగు కణాలప్పుడు ఇంకా అందంగా ఉంటారు" అన్నారు. ఆయనకి నచ్చిందే పెట్టుకోనివ్వండి. ఖాళీ ఫ్రేము దుమ్ము తుడవడం ఎంత కష్టమో తుడిచినవాళ్లకే తెలుస్తుంది.

3. నా గొడుగు టైపిస్టుగారికి రాద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాళ్లకి ఏమీ రాయకూడదట. అందుకని ఇక్కడ రాయడం లేదు. కుట్టుపెట్టె మీకు. మీ యూనిఫారం కోటు రెండో గుండీ వదులైంది. పోయినసారి వచ్చినప్పుడే చెబుదామనుకున్నాను, మీ ముందు నాకు నోరు పెగలదు. నల్లదారం పై అరలో ఉంది.

4. మాయ గురించి. అది కిందికి వచ్చిందని తెలిసిన రోజునుంచి, చూడవచ్చిన ప్రతివాళ్లకీ మీ అమ్మగారు "దీని ఒళ్లే అంత. వీళ్ల వైపు ఆడవాళ్లంతా అంతే" అని చెబుతున్నారు. నా తరఫున మీ తమ్ముడి ప్రసంగాన్నే సాక్ష్యంగా పెట్టుకుంటున్నాను. ఆ మొండి గుర్తుల్లో నాన్న వైపువి చాలా మటుకు "పెరుగు, ఇంకా లాక్కో" అంటాయట. అమ్మ వైపువి "చాలు, అమ్మక్కూడా కాస్త మిగుల్చు" అంటాయట. మాయ పెరగడంలో నాన్న వైపు గుర్తుల పెత్తనమే ఎక్కువట. అది ఎక్కడ అతుక్కుంటుందన్నది వాటి చేతిలో లేదని కూడా ఆయన అన్నారు. దాచకుండా అదీ రాస్తున్నాను. అయినా ఇల్లు కట్టినవాళ్లు గుమ్మం ఎటు పెట్టారో చూసుకోవద్దా?

కాబట్టి సదరు మాయని మీ వంశపు సొత్తుగా ఒప్పుకుని, మీ వంశానికే తిరిగి దఖలు పరుస్తున్నాను. ఇకమీదట దాని నడవడికకి మా వైపువాళ్లకి ఎలాంటి బాధ్యతా లేదు.

5. మీ వంశంలో ఎవరికి అంటే మీ తమ్ముడికి. ఆయన అడిగారు కాబట్టి.

ముందువాడి దెబ్బ తర్వాత పెద్ద ప్రొఫెసరుగారు ఆయన్ని పిలిచి, "ఎలుకలు చాలయ్యా. మనుషుల మాయలు పట్టుకురా. లేకపోతే నీ బల్ల ఇంకొకరికి ఇస్తాను" అన్నారట. అంటే మీ తమ్ముడు కాన్పుల వార్డుల్లో తిరిగి ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లని అడగాలి. ఆ మనిషికి కొట్లో చిల్లర అడగడానికే నోరు రాదు. నెలల తరబడి వార్డు గుమ్మం దాకా వెళ్లడం, నోటీసు బోర్డు చదివి తిరిగి రావడం. ఆస్పత్రి నోటీసులు ఆయనకి కంఠతా వచ్చు. మొన్న నా పక్కన కూర్చుని, చెవులు ఎర్రబడిపోయి, నేల చూస్తూ, "తర్వాత అది నీకు అక్కర్లేదు కదా" అన్నారు. మా కాపురంలో ఆయన నోరు తెరిచి నన్ను అడిగిన మొదటి వస్తువు. ఇస్తానన్నాను. మర్నాడు పళ్లు తెస్తారనుకుంటే ఐసుపెట్టె తెచ్చారు. మంచం కిందే ఉంది. చూడవచ్చినవాళ్లు చల్లటి సోడాలేమోనని మూత తీసి చూసి, మళ్లీ పెట్టేస్తున్నారు.

వచ్చిన చిక్కు ఏమిటంటే, మాయ బయటపడగానే ముక్కలు చేసి గడ్డకట్టించాలట. ఆలస్యమైతే చెడిపోతుందట. అంటే బిడ్డ ఏడ్చే వేళకి బిడ్డ తండ్రి పెట్టె పట్టుకుని మెట్లు దిగుతుంటారు. నా రక్తం ఆగిందో లేదో తెలిసే వేళకి రోడ్డు దాటి ప్రయోగశాలలో ఉంటారు. ఆ సంగతి ఆయనకి తట్టలేదు. తట్టి ఉంటే అడిగేవారు కాదు.

అందువల్ల షరతు పెడుతున్నాను. ఐసుపెట్టె పెద్ద ప్రొఫెసరుగారే మొయ్యాలి. ఈ వృత్తిలో ఒక ఆచారం ఉంది. పని చేసినవాడి పేరు ముందు వేస్తారు, చేయించినవాడి పేరు చివర వేస్తారు, చివరి పేరే పెద్ద పేరట. మీ తమ్ముడు రాసిన ప్రతిదానిలోనూ చివర ఆయనే. నేను ప్రయోగశాలకి వెళ్లిన రోజున ఆయన మోస్తూ కనిపించింది కాఫీ కప్పు ఒక్కటే, అదీ సగం. మా పెళ్లికి వచ్చి, "అమ్మాయ్, సాయంత్రాలు మీ ఆయన నావాడు, అలిగితే కుదరదు" అని నవ్వారు. నేనూ నవ్వాననుకున్నారు. ఈ ఒక్క బరువూ ఆయన మోస్తే ఆ చివరి పేరుకి నాకేమీ అభ్యంతరం లేదు. ఎలా కొయ్యాలో, ఎలా గడ్డకట్టించాలో ఆయనకి వచ్చో రాదో నాకు తెలియదు. రాకపోతే మీ తమ్ముడు రేపే నేర్పాలి. ఇక్కడ లిఫ్టు పనిచెయ్యడం లేదు, మెట్ల మీదుగానే దిగమనండి. పెట్టె ఇంకొకరి చేతికి ఇచ్చారో, టికెట్ లేనివాళ్లని ఎలా దింపుతారో అలా దింపెయ్యండి. అప్పుడు మాయ ఆస్పత్రి చెత్తబుట్టకి చెందుతుంది.

6. బిడ్డని వీలునామాలో రాయకూడదని టైపిస్టుగారు గట్టిగా చెప్పారు. "బిడ్డ ఆస్తి కాదమ్మాయ్, కోరిక అని రాసుకో" అన్నారు. మంచి మాటే. కాని నిన్న మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాననుకుని మీ అమ్మగారూ, ఆవిడ చెల్లెలుగారూ నా మంచం పక్కనే పంపకాలు పూర్తిచేశారు. జరగరానిది జరిగితే బిడ్డ మీ అమ్మగారి దగ్గర. మీ తమ్ముడికి ఏడాది తిరక్కుండా ఇంకో సంబంధం. "ఈసారి ఒళ్లు గట్టిగా ఉన్నదాన్ని చూడవే" అన్నారు చెల్లెలుగారు. "చదువుకున్నది మాత్రం వద్దు, ఎదురు చెబుతుంది" అన్నారు మీ అమ్మగారు. నేను కళ్లు తెరవలేదు. పాపం, వాళ్లు ఇబ్బంది పడతారని.

నా కోరిక ఇది. నేను లేకపోతే నా బిడ్డని మా పిన్ని పెంచాలి.

నన్ను కన్న అమ్మ మొహం నాకు గుర్తులేదు. పిన్ని మా నాన్నని చేసుకుని వచ్చేసరికి నేను గుమ్మంలో మట్టి తింటున్నానట. ఇస్త్రీ కొట్టు నడుపుతూ, ఒక చేత్తో ఇస్త్రీపెట్టె తోస్తూ, ఇంకో చేత్తో నన్ను చంకనేసుకుని పెంచింది. "నా కడుపున పడకపోయినా నా నెత్తిన పడ్డావే" అని తిడుతూ తల దువ్వేది. తిట్టు ఎంత పొడుగైతే దువ్వడం అంత మెత్తగా ఉండేది. మీ ఇంట్లో ఆవిడని "సవతి తల్లి" అంటారు, వచ్చినప్పుడు వరండాలో కూర్చోబెడతారు. మీ అందరి చొక్కాలకీ ఇస్త్రీ మాత్రం ఆవిడే చేస్తుంది.

ఇందుకు కూడా నా దగ్గర సైన్సు ఉంది. ఇది మీ తమ్ముడు చేసిన ప్రయోగం కాదు. ఆయన ప్రతి ప్రసంగం మొదట్లో చెప్పే పాత సంగతి. పిల్లల్ని నాలుకతో బాగా నాకే తల్లి ఎలుక దగ్గర పెరిగినవి పెద్దయ్యాక అంత బెదరవట. నాకని తల్లికి పుట్టినదాన్ని తెచ్చి, నాకే తల్లి గూట్లో పెడితే అదీ బెదరకుండా పెరుగుతుందట. కన్నది ఎవరన్నది కాదు, ఒళ్లు నిమిరింది ఎవరన్నది లోపల గుర్తుగా నిలిచిపోతుందట. అది మొదటిసారి విన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ప్రసంగం బాగాలేదేమోనని ఆయన మొదటి పేజీ తిరగరాసుకున్నారు.

అంత బాగా పెరిగినదానివి ఇలా నోరులేనిదానివి ఎందుకయ్యావని మీరు అడగవచ్చు. నాకు నోరు లేదు గాని బెదురు లేదు వదినా. ఎల్లుండి గురించి డాక్టరమ్మ చెబుతుంటే మీ అమ్మగారు కుర్చీ వెతుక్కున్నారు, నేను అన్నీ విని, "అన్నం ఎప్పుడు మానెయ్యాలి?" అని అడిగాను.

ఎలుకల గదిలో పిల్లని కొత్త గూటికి మార్చేటప్పుడు ఆ గూటి పొట్టు దాని ఒంటికి రుద్దుతారట. లేకపోతే పరాయి వాసన అని కొత్త తల్లి కొరికినా కొరుకుతుందట. పిన్ని ఇంటికి పంపేటప్పుడు ఆ అవసరం లేదు. మీ అమ్మగారింటికి చూపించడానికి తెచ్చినప్పుడు మాత్రం మరిచిపోకుండా రుద్దండి.

7. చివరగా మీ తమ్ముడికి.

నా ప్రాణానికి ముప్పుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆయన్ని చూసి, "వీడికి చీమ కుట్టినట్టైనా లేదు" అన్నారు మీ అమ్మగారు. నేను ఆయన ఛాతీ చూశాను. ఊపిరి ఆపేశారు. ప్రయోగశాలలో ఆయన పనిచేస్తుంటే చూసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. వెంట్రుక అంత సన్నటి గాజుగొట్టం, దానికో రబ్బరు గొట్టం, దాని కొస నోట్లో. ఊపిరితోనే పిండాన్ని ఒక పళ్లెంలోంచి ఎత్తి ఇంకో పళ్లెంలో దించాలి. ఒక్క పిసరు గట్టిగా పీలిస్తే పోయింది. పిండం గొట్టంలో ఉన్నంతసేపూ ఆయన ఛాతీ కదలదు. డాక్టరమ్మ గదిలోనూ కదల్లేదు, బయటికి వచ్చి బెంచీ మీద కూర్చునేదాకా. ఆ తర్వాత ఐసుపెట్టె తేవడానికి వెళ్లారు. భయం వేస్తే ఏం చెయ్యాలో ఆయనకి అదొక్కటే తెలుసు.

ఒకసారి పిండాల్ని వెచ్చగా ఉంచే పెట్టె చెడిపోతే, ఆ పళ్లేన్ని చొక్కా లోపల పొట్టకి ఆనించుకుని, వానలో పక్క భవనం దాకా నడిచారు. అందులో ఉన్నవి బతికాయి. కంటికి ఆననివాటిని అలా మోసిన మనిషి, ఎవరింట్లోనైనా పసిబిడ్డని చేతికిస్తే, "నాకు చేతకాదు, పడేస్తాను" అని చేతులు వెనక్కి పెట్టుకుంటారు.

అందుకని రాస్తున్నాను. బిడ్డని బయటికి తేగానే మొదట ఆయన చేతుల్లో పెట్టాలి. మీ అమ్మగారు రెండు చేతులూ చాపుకుని ముందుకు వస్తారు. మీరు అడ్డంగా నిలబడాలి. చొక్కా గుండీలు విప్పి బిడ్డని ఒంటికి ఆనించుకోమనండి. ఊపిరి మాత్రం వదలమనండి, ఇది గొట్టంలోది కాదు. ఆ తర్వాత బిడ్డ పిన్ని దగ్గర పెరుగుతుంది, సాయంత్రాలు ఆయన అక్కడ ఉంటారు. పెద్ద ప్రొఫెసరుగారు అలిగితే కుదరదు.

మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే చేసుకోనివ్వండి. చదువుకున్నదాన్నే చూడండి. ఎదురు చెప్పే మనిషి ఆయనకి చాలా అవసరం, నా వల్ల కాలేదు.

ఇంతకుమించి నాకున్నది ఏమీ లేదు. ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు. నా దగ్గర ఎవరికైనా ఇవ్వదగింది ఉందని నాకే తెలియదు.

ఎల్లుండి నేను బతికి బయటపడితే ఈ కాగితం ఎవరికంటా పడకుండా కాల్చెయ్యండి. మీ అమ్మగారూ నేనూ ఇంకా చాలా ఏళ్లు ఒకే వంటింట్లో తిరగాలి. అయితే ఏడో అంశంలో బిడ్డని మొదట ఆయన చేతుల్లో పెట్టమని రాసింది జరగడానికి నేను చచ్చిపోనక్కర్లేదు వదినగారూ. అది జరిపించండి. ఆయన బిడ్డని ఎత్తుకుని నిలబడటం మీ కళ్లతో చూసి, అప్పుడు అగ్గిపుల్ల గియ్యండి.

తేదీ: అక్టోబరు పదకొండు, మంగళవారం, చూడవచ్చినవాళ్లంతా వెళ్లాక

(సంతకం)
మీ తమ్ముడి భార్య

సాక్షులు:
వకీలు ఆఫీసు టైపిస్టు, కిటికీ పక్క మంచం
కాన్పుల వార్డు పగటి డ్యూటీ నర్సు